మూస – యంత్రము: భాగముల పట్టిక చరిత్ర

పల్లెలో ఎడ్లబండి చేయు వడ్రంగిని చూచినవారికి ఒక సంగతి తెలిసియే ఉండును. చక్రము నడుమ కుండ, కుండలో గ్రుచ్చిన ఆకులు, ఆకుల చివర పూటీలు, పూటీల చుట్టు ఇనుప పట్టా, రెండు చక్రములను కలుపు ఇరుసు, చక్రము జారిపోకుండ చీల. ఇన్ని భాగములను అతడు కాగితము మీద వ్రాసికొనడు. కొలతలన్నియు అతని చేతిలోను, కంటిలోను ఉన్నవి. ఒక పూటీ విరిగినచో ప్రక్క బండి పూటీని తెచ్చి తగిలింపడు. తగిలించినను అది పట్టదు. ఆ చక్రము దగ్గరనే కూర్చుండి, ఆ ఆకులకు సరిపోవునట్లు క్రొత్త పూటీని చెక్కును.

ఈ పద్ధతిలో ఒక సుఖమున్నది, ఒక కష్టమున్నది. వడ్రంగి ఊరిలో ఉన్నంత కాలము బండికి పట్టిక అక్కరలేదు. అతడు ఊరు విడిచినచో ఆ కొలతలు అతనితోనే పోవును. నేడు లక్షల భాగములు గల విమానములను, విద్యుత్కేంద్రములను, రైలు ఇంజనులను ఎందరెందరో చేతులు మార్చుకొనుచు మరమ్మతు చేయుచున్నారు. వారిలో ఒక్కరికైనను యంత్రమంతయు కంఠస్థము కాదు. వడ్రంగి జ్ఞాపకమునకు బదులుగా అక్కడ నిలిచినది భాగముల పట్టిక. ఆ పట్టిక ఎట్లు పుట్టినది? ఎట్లు పెరిగినది? పట్టిక ఒక మాట, యంత్రము ఒక మాట చెప్పినప్పుడు ఏమి జరిగినది? ఈ మూడు ప్రశ్నలే ఈ వ్యాసమునకు విషయము.

అరలలో పోసిన ముక్కలు

1785వ సంవత్సరములో ఫ్రాన్సులో అమెరికా రాయబారిగా ఉండిన థామస్ జెఫర్సన్ ఒక వింతను చూచినాడు. ఒనొరే బ్లాన్ అను తుపాకుల పనివాడు ఏబది తుపాకుల పేల్చు యంత్రాంగములను విప్పి, ఒక్కొక్క రకపు ముక్కలను ఒక్కొక్క అరలో వేసి ఉంచినాడు. జెఫర్సన్ తన చేతికి అందిన ముక్కలను తీసికొని, తానే కొన్ని యంత్రాంగములను కూర్చి చూచినాడు. అన్నియు చక్కగా అమరినవి. ఆ ఆగస్టు నెలలో జాన్ జే అను అమెరికా మంత్రికి వ్రాసిన లేఖలో ఈ సంగతిని వర్ణించి, ఆయుధముల మరమ్మతుకు ఇది ఎంత ఉపయోగపడునో ఎత్తి చూపినాడు. ఒకదానికి బదులు మరియొకటి అమరు భాగముల వలన తయారీకి కలుగు లాభమును మనము సాధారణముగా చెప్పుకొందుము. జెఫర్సన్ కంటికి ఆనినది మరమ్మతు లాభమని గమనింపవలెను.

ముక్కలన్నియు ఒకే తీరున ఉండవలెనన్నచో వాటికి ఒక మూస కావలెను. అమెరికాలో హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో జాన్ హాల్ 1820ల దశకములో తన తుపాకుల భాగములను కొలబద్దలతో సరిచూచు పద్ధతిని నెలకొల్పినాడు. అందులో ఒక చిక్కు ఉన్నది. దినమంతయు ఇనుముతో రాపిడి పడు కొలబద్ద తానే అరిగిపోవును. అరిగిన కొలబద్దతో చూచిన భాగము తప్పుగా ఉన్నను ఒప్పుగానే తోచును. అందుచేత పనివాని కొలబద్దను సరిచూచుటకు వేరొక కొలబద్దను, దానిని సరిచూచుటకు భద్రముగా దాచిన మూల కొలబద్దను ఉంచినారు. మూసను కూడ కనిపెట్టి చూచువాడు ఒకడుండవలెనన్న తెలివి అప్పటిదే. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెనని పాఠకులను కోరుచున్నాను.

ఒక కర్మాగారములోని ముక్కలు ఆ కర్మాగారములోనే అమరినచో చాలదు. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ మరచుట్లన్నింటికి ఒకే కోణము, 55 డిగ్రీలు, ఉండవలెనని ప్రతిపాదించినాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణమును ప్రతిపాదించినాడు. రెండు దేశములకు రెండు మరలు స్థిరపడినవి. రెండవ ప్రపంచ యుద్ధములో ఈ భేదము వలన మిత్రదేశములు పడిన ఇబ్బంది ఇంతింత కాదు. 1948లో గాని అమెరికా, బ్రిటన్, కెనడా దేశములు ఏకీకృత మరచుట్ల విధానమునకు ఒప్పుకొనలేదు. అప్పటి నుండి బోల్టునకు పేరు, సంఖ్య ఉన్నచో దాని ఆకారమంతయు తెలిసినట్లే అయినది.

చెట్టు వంటి పట్టిక

భాగములకు సంఖ్యలు వచ్చిన పిదప, ఏ భాగము దేనిలో ఎన్ని ఉన్నవని చెప్పు పట్టిక కావలసివచ్చినది. మన ఎడ్లబండినే మరల తీసికొందము. బండికి 2 చక్రములు, ఒక్కొక్క చక్రమునకు 12 ఆకులు, 6 పూటీలు అనుకొందము. ఐదు బండ్లు చేయవలెనన్నచో 10 చక్రములు, 120 ఆకులు, 60 పూటీలు కావలెను. బండి మొదలు, చక్రము కొమ్మ, ఆకు ఆ కొమ్మకు రెమ్మ. మొదటి నుండి రెమ్మ వరకు పోవుచు, దారిలోని సంఖ్యలను గుణించినచో లెక్క తేలును.

ఇప్పుడు ఒకే రకపు బోల్టు రెండు చోట్ల ఉన్నదనుకొందము: చక్రపు పట్టాకు 6, బండి పెట్టెకు 20. ఒక్క బండికి 2×6+20=32 బోల్టులు; ఐదు బండ్లకు 160. ఒక్కొక్క దారిలో గుణకారము, దారులన్నింటికి కలిపి సంకలనము. ఉన్నత పాఠశాల విద్యార్థికి ఇది కష్టమైన లెక్క కాదు. భాగములు వేలు, అంతరువులు పదులు అయినప్పుడు మాత్రము చేతితో చేయుట అసాధ్యము.

హంగరీలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఆండ్రూ వాజోనీ అను గణితవేత్త 1950ల దశకములో ఈ లెక్కను మాత్రికల రూపములో పెట్టినాడు. దీనిని కనిపెట్టిన కీర్తిని ఆయన జెపార్జట్ గొజింటో అను ఇటలీ గణితవేత్తకు ఇచ్చినాడు. అట్టి మహానుభావుడు ఎన్నడును పుట్టలేదు. ‘లోపలికి పోవు భాగము’ అను ఆంగ్లపు మాటలనే ఇటలీ యాసలో పలికి ఆయన కల్పించిన పేరు అది. హాస్యము నిలిచిపోయినది, ఇట్టి చిత్రములకు గొజింటో చిత్రములన్న పేరు నేటికిని ఉన్నది.

ఈ లెక్కలు చాలవరకు తయారీదారుల కొరకు. మరమ్మతు చేయువారికి వేరొక అవసరము కలదు: ఏ తయారీదారుని విమానమైనను, వెదకవలసిన చోటు ఒకటే కావలెను. 1956లో అమెరికా విమాన రవాణా సంఘము నూరవ నిర్దేశమను పేర ఒక అధ్యాయ క్రమమును ప్రకటించినది. దాని ప్రకారము 24వ అధ్యాయము విద్యుచ్ఛక్తి, 28వది ఇంధనము, 32వది దిగునప్పటి చక్రముల కూర్పు, 56వది కిటికీలు. ఏ కంపెనీ విమానమైనను కిటికీ అద్దపు సంగతి 56లోనే. ఈ 56ను మనము కొంత సేపటికి మరల కలిసికొందము.

చంద్రుని దారిలో కంప్యూటరు

చంద్రునికి మనుష్యుని పంపిన సాటర్న్-5 రాకెట్టులో భాగములు సుమారు 30 లక్షలని చెప్పుదురు. ఆ పట్టికను కాగితముల మీద నిలుపుట అసాధ్యమైనది. 1966లో ఐ.బి.ఎం. సంస్థ, నార్త్ అమెరికన్ మరియు కాటర్‌పిల్లర్ కంపెనీల వారితో కూడి, ఈ పని కొరకు ఒక సాఫ్ట్‌వేరును రచించుటకు మొదలుపెట్టినది. 1968 ఆగస్టు 14న కాలిఫోర్నియాలోని డౌనీలో అది మొదటి సారి ‘సిద్ధము’ అను సందేశమును చూపినది. ఐ.ఎం.ఎస్. అని పిలువబడిన ఆ సాఫ్ట్‌వేరు సమాచారమును చెట్టు రూపములోనే దాచెను. భాగముల పట్టిక చెట్టు వంటిది గనుక అది సహజముగానే తోచినది.

కాని ఒకే బోల్టు రెండు కొమ్మలకు ఉన్నదని పైన చూచితిమి. నిజమైన చెట్టులో ఒక రెమ్మ రెండు కొమ్మలకు పుట్టదు. 1970లో ఎడ్గర్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన ప్రసిద్ధ పత్రములో ఈ ఇబ్బందినే ఎత్తి చూపినాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణములు కూడ భాగములు, వాటిని వాడు పనులు, వాటిని సరఫరా చేయువారు. సమాచారమును చెట్టుగా కాక, ఒకదానితో ఒకటి సంబంధము గల పట్టికలుగా ఉంచవలెనన్న ఆయన భావము మీద నేటి సమాచార నిధులలో అధిక భాగము నిలిచియున్నది.

మూడు వేరు వేరు సంగతులు

ఇంతవరకు చెప్పిన పట్టిక నిజమునకు ఒక మూస. ఒకే రకపు బస్సులు నూరు ఉన్న సంస్థను ఊహింపుడు. నూరు బస్సులకు నూరు సార్లు పట్టిక వ్రాయనక్కరలేదు. ఆ రకమునకు ఒక్క మూసను తయారుచేసి, దాని నుండి నూరు ప్రతులను తీయవచ్చును. మరమ్మతు సాఫ్ట్‌వేరులన్నింటిలో జరుగు పని ఇదియే. మొదటి దినమున నూరు ప్రతులును మూసలో పోసినట్లుండును. రెండవ దినము నుండి బస్సులు మారిపోవుట మొదలగును. ఒకదాని పంపు చెడును. మరియొకదానికి వేరే కంపెనీ పంపు బిగింతురు.

అందుచేత మంచి పట్టిక మూడు సంగతులను విడివిడిగా చెప్పవలెను. మొదటిది స్థానము: ఎడమ ఇంజను ఉండు చోటు వంటిది, ఇది కదలదు. రెండవది రకము: ఆ చోట ఏ సంఖ్య గల భాగము ఉండవచ్చును, దానికి బదులు ఏవి పనికివచ్చును అనునది. మూడవది వస్తువు: నేడు ఆ చోట నిజముగా ఉన్నది ఏ వరుస సంఖ్య గలది అనునది. జెట్ ఇంజనులోని చక్రబింబములకు ఇన్ని ప్రయాణములని ఆయుర్దాయముండును. వాటిని ఒక విమానము నుండి విప్పి మరియొక దానికి బిగించినప్పుడు, ఆ లెక్క స్థానమును అంటిపెట్టుకొనక వస్తువు వెంట పోవలెను. బడిలో బల్ల మారిన పిల్లవాని హాజరు బల్లకు వ్రాయము గదా!

మూస మారినచో నూరు ప్రతులును మారవలెనా? ప్రతి మారినచో మూసను దిద్దవలెనా? ఇవి కార్యాలయపు ప్రశ్నలుగా తోచును. వీటికి సరియైన జవాబు చెప్పనందున ప్రాణముల మీదికి వచ్చిన సందర్భములు రెండు చూతము.

కాగితము మారినది, లోహము మారలేదు

అపోలో నౌకలోని ఆమ్లజని తొట్టికి లోపల ఒక తాపకము, అది మితిమీరి వేడెక్కకుండ ఉష్ణోగ్రతను బట్టి తెరచుకొను మీటలు ఉండెను. మొదటి నిర్దేశము ప్రకారము ఇవి నౌకలోని 28 వోల్టుల విద్యుత్తుకు తగినవి. ప్రయోగ కేంద్రములో నేల మీద వాడు విద్యుత్తు 65 వోల్టులు గనుక, 1965లో నిర్దేశమును మార్చినారు. తాపకము మారిన నిర్దేశమునకు తగినట్లుండెను. మీటలు మాత్రము 28 వోల్టులకు తగినవే మిగిలిపోయినవి. చెట్టు మొదట చేసిన మార్పు ఒక్క రెమ్మకు అందలేదు. తయారుచేసినవారు గాని, వారికి పని అప్పగించినవారు గాని, అమెరికా అంతరిక్ష సంస్థవారు గాని దీనిని కనుగొనలేదు.

ఒక తొట్టిని మొదట అపోలో 10 కొరకు బిగించి, మార్పులకై విప్పి, తరువాత అపోలో 13కు చేర్చినారు. విప్పునప్పుడు అది సుమారు రెండంగుళములు జారిపడినది. 1970 మార్చిలో నేల మీద పరీక్ష జరిపిన పిదప, అందులోని ఆమ్లజని మామూలు పద్ధతిలో బయటికి రాలేదు. దానిని ఆవిరిగా మార్చి పంపుటకు తాపకమును 65 వోల్టులతో ఎనిమిది గంటలు నడిపినారు. సుమారు 27 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మీట తెరచుకొనవలెను. ఏకముఖ విద్యుత్తు ప్రవహించుచుండగా మీట తెరచినచో ముఖముల మధ్య విద్యుత్ చాపము లేచును. వోల్టులు హెచ్చిన కొలది అది ఆరుట కష్టము. 65 వోల్టుల చాపమునకు మీట ముఖములు కరగి అతుకుకొనిపోయినవి. లోపలి వేడి కొన్ని చోట్ల 500 డిగ్రీలు దాటి ఉండునని విచారణ సంఘము నిర్ణయించినది. తీగల మీది టెఫ్లాన్ పొర చెడినది. వేడిని చూపు సాధనము సుమారు 30 డిగ్రీలకు మించి చూపలేదు గనుక ఎవరికిని తెలియలేదు.

ఏప్రిల్ 11న బయలుదేరిన నౌక 13వ తేదీన భూమికి 3 లక్షల కిలోమీటర్లకు మించిన దూరములో ఉండగా, తొట్టిలోని విసనకఱ్ఱలను తిప్పుటకు మీట నొక్కినారు. చెడిన తీగలలో నిప్పురవ్వ పుట్టి తొట్టి ప్రేలినది. జేమ్స్ లవెల్, జాన్ స్వైగర్ట్, ఫ్రెడ్ హేజ్ అను ముగ్గురు వ్యోమగాములు చంద్రుని మీద దిగుటకు తెచ్చుకొన్న చిన్న నౌకలో తలదాచుకొని, 17వ తేదీన సముద్రములో దిగినారు.

లోహము మారినది, కాగితము చూడలేదు

రెండవది దీనికి సరిగా తలక్రిందులైన కథ. 1990 జూన్ 10న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుండి స్పెయినులోని మాలగాకు పోవుచున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానము 17,300 అడుగుల ఎత్తున ఉండగా, చోదకుని ఎదుటి అద్దము ఊడిపోయినది. కెప్టెను సగము శరీరము కిటికీ బయటికి లాగబడినది. సిబ్బంది ఆయన కాళ్లను పట్టుకొని ఉండగా, సహచోదకుడు విమానమును సౌతాంప్టన్‌లో దింపినాడు. కెప్టెనుతో సహా 87 మందియు బ్రతికినారు.

ఆ అద్దమును ముందటి రోజు తెల్లవారుజామున క్రొత్తగా బిగించినారు. దానికి 90 బోల్టులు. భాగముల సచిత్ర పట్టికలో వ్రాసియున్న బోల్టు ఎ211-8డి. పని చేసినవారు పట్టికను చూడక, విప్పిన పాత బోల్టునే మూసగా పెట్టుకొని, దానితో పోల్చి క్రొత్త వాటిని ఏరినారు. ఆ పాత బోల్టులు 8డి రకము కావు. ఎప్పుడో ఎవరో బిగించిన ఎ211-7డి రకము, కొంచెము పొట్టివి. అది మొదటి తప్పు. మసక వెలుతురులో కంటితో పోల్చి ఏరగా వచ్చినవి ఎ211-8సి రకము. ఇది రెండవ తప్పు. ఇట్లు 84 బోల్టులు కావలసిన దానికంటె సుమారు 0.66 మిల్లీమీటర్లు సన్ననివి. మిగిలిన 6 పాత పొట్టి రకమువి.

అంత సన్నని బోల్టు బిగియుచున్నట్లు ఎట్లు తోచినది? రెండు రకములకును మరచుట్ల మధ్య దూరము ఒకటే గనుక అది తిరిగినది, కొంత పట్టినది. పైగా ఆ విమానమునకు అద్దమును బయటి వైపు నుండి బిగింతురు. లోపలి నుండి బిగించినచో, పైకి పోయినప్పుడు లోపలి గాలి పీడనము అద్దమును చట్రమునకే నొక్కిపట్టును. బయటి నుండి బిగించినచో ఆ బలమంతయు బోల్టుల మీదనే పడును.

మొదటి కథలో మూసను దిద్దినారు, వస్తువును దిద్దలేదు. రెండవ కథలో వస్తువు ఏనాడో మూసను విడిచిపోయినది; దానినే మూసగా నమ్మినారు. 56వ అధ్యాయములో సరియైన సంఖ్య ఉండనే ఉన్నది. మూసయు వస్తువును ఒకదానినొకటి పలుకరించుట మానినప్పుడే రెండు ప్రమాదములును జరిగినవి.

నేటి పద్ధతి, మన బీరువా

నేటి మరమ్మతు సాఫ్ట్‌వేరులలో మూసల నిర్వహణ యనగా ముఖ్యముగా ఈ పలుకరింపును నిలుపుటయే. మూసను దిద్దినప్పుడెల్ల పాతదానిని చెరిపివేయక, క్రొత్త కూర్పుగా తేదీతో ఉంతురు. ఆ మార్పు ఉన్న యంత్రములకు వర్తించునా, ఇకముందు వచ్చు వాటికేనా యని ఒకరు నిర్ణయించి వ్రాయవలెను. యంత్రములో భాగము మార్చినవాడు స్థానము, రకము, వరుస సంఖ్యలను నమోదు చేయవలెను. ఆ స్థానమునకు తగని రకమైనచో సాఫ్ట్‌వేరు అభ్యంతరము చెప్పవలెను. అప్పుడప్పుడు మూసను, ప్రతిని ప్రక్కప్రక్కన పెట్టి తేడాల జాబితాను తీయవలెను. జాన్ హాల్ మూల కొలబద్దతో పనివాని కొలబద్దను సరిచూచిన పనియే ఇది. ఎంత గొప్ప కంప్యూటరైనను, బోల్టు బిగించిన చేయి నిజము వ్రాయనిచో చేయగలిగినది లేదు.

ఇది దూరదేశముల సంగతి అనుకొనరాదు. నేను పనిచేసిన ఒక కళాశాలలో భౌతిక శాస్త్ర ప్రయోగశాలకు ఆరు స్పెక్ట్రోమీటర్లు ఉండెను. నల్లబల్ల మీద ‘ప్రధాన స్కేలులో చిన్న విభాగము అరడిగ్రీ, కనీసపు కొలత 1 నిమిషము’ అని శాశ్వతముగా వ్రాసియుండెను. అది మా మూస. ఒక సంవత్సరము పరీక్షలో ఒక విద్యార్థికి ప్రిజము కోణము తేడాగా వచ్చినది. అజాగ్రత్త అని నేను మార్కులు తగ్గించినాను. ఆ సాయంత్రము సాధనములను బీరువాలో పెట్టుచు ఆ స్పెక్ట్రోమీటరును దీపము క్రిందికి తెచ్చి చూచినాను. అది ఎప్పుడో మరమ్మతుకు పోయి, వేరొక తయారీ స్కేలుతో తిరిగి వచ్చినది. దాని చిన్న విభాగము 20 నిమిషములు; వర్నియరులో 40 గీతలు; కనీసపు కొలత అర నిమిషము. సామానుల పుస్తకములో మాత్రము ‘స్పెక్ట్రోమీటర్లు 6’ అని ఒక్క పంక్తి.

విద్యార్థి నేను చెప్పిన మూసను నమ్మినాడు. నేను సాధనమును చూడలేదు. మరునాడు అతని మార్కులను దిద్దినాను. తరువాత ఆరు సాధనములకు ఆరు సంఖ్యలను రంగుతో వ్రాసి, పుస్తకములో ఒక్కొక్క దానికి ఒక్కొక్క పుట కేటాయించినాను. మూడవ సంఖ్య గల దాని పుటలో మొదటి పంక్తి: ‘స్కేలు మార్చబడినది, కనీసపు కొలత అర నిమిషము.’